టైమరా, స్మార్ట్ ప్లగ్గా? చేపల తొట్టి కరెంటు సంగతులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు చేపల తొట్టి గురించే, అందులోనూ అందరూ తిప్పి తిప్పి అడిగింది ఒకటే, ఏ టైమర్ కొనాలి, ఏ స్మార్ట్ ప్లగ్ (ఫోన్ యాప్‌తో ఆన్ ఆఫ్ చేసేది) మంచిది అని. కంపెనీ పేరు దగ్గరికి వెళ్లేముందు ఒక పని చేయండి. ఆ ప్లగ్గుకి ఏది తగిలిస్తున్నారో అది ఒక రాత్రంతా ఆగిపోతే తొట్టిలో ఏమవుద్ది, అదే రాత్రంతా ఆగకుండా నడిస్తే ఏమవుద్ది, ఈ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పుకోండి. ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో అక్కడే తేలిపోద్ది.

ప్రశ్న: రెండడుగుల తొట్టిలో గప్పీలు, మోలీలు ఉన్నాయండీ. లైటు తీయడం మర్చిపోతున్నామని మావారు గుండ్రటి డయల్ ఉండే టైమర్ ఒకటి తెప్పించారు. దానికే ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి లైటూ ఫిల్టరూ రెండూ తగిలిద్దాం, రాత్రిపూట ఫిల్టర్ కూడా ఆగితే కరెంటు కలిసొస్తుంది అంటున్నారు. పెట్టొచ్చాండీ?
(ఒక గృహిణి, విజయవాడ)

జవాబు: లైటుకి నిశ్చింతగా పెట్టుకోండమ్మా. ఫిల్టర్‌కి మాత్రం వద్దు, ఏ టైమరూ వద్దు.

ఫిల్టర్ అంటే నీళ్లలో చెత్త పట్టే జల్లెడ అనుకుంటాం గానీ దాని అసలు పని అది కాదు. లోపలున్న స్పాంజికీ రింగులకీ బాక్టీరియా పట్టి ఉంటుంది, చేపల విసర్జన నుంచీ మిగిలిన మేత కుళ్లడం నుంచీ వచ్చే అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చేది అదే. దానికి ఊపిరి కావాలి, ఆ ఊపిరి పారే నీళ్లతోనే వస్తుంది. రాత్రి 10కి ఆపి పొద్దున 6కి వేశారనుకోండి, 8 గంటలు దానికి ఆక్సిజన్ అందదు. మూత బిగించి ఉండే కానిస్టర్ ఫిల్టర్ అయితే మరీ ప్రమాదం, లోపల నీళ్లు కుళ్లడం మొదలై, పొద్దున మోటారు తిరగ్గానే ఆ నీళ్లు నేరుగా చేపల మీదికి వస్తాయి. చాలాసేపు కరెంటు పోయి వచ్చాక కానిస్టర్ తెరిస్తే కోడిగుడ్డు కుళ్లిన వాసన కొడితే ఆ నీళ్లు తొట్టిలోకి పోనివ్వకుండా పారబోసి, లోపలి స్పాంజిని తొట్టి నీళ్లతోనే జాడించి అప్పుడు పెట్టాలి.

ఇక కరెంటు ఆదా సంగతి. మీ తొట్టికి పెట్టే ఫిల్టర్ 15 వాట్లు అనుకుందాం, రోజంతా నడిస్తే 0.36 యూనిట్లు, నెలకి 11 యూనిట్లు కూడా పూర్తిగా అవ్వవు. యూనిట్ 5 రూపాయలు వేస్కున్నా 54 రూపాయలు, రాత్రిపూట ఆపితే మిగిలేది అందులో మూడో వంతు, అంటే 18 రూపాయలు. మీవారికి ఈ లెక్క చూపించండి, ఆయనే వద్దంటారు. ఎయిర్ పంపుకి కూడా ఇదే మాట, దాన్ని ఆపడానికి చప్పుడు తప్ప వేరే కారణం లేదు, చప్పుడు తగ్గాలంటే దాని కింద మెత్తటి స్పాంజి ముక్క పెట్టండి.

మీ డయల్ టైమర్ గురించి. చుట్టూ 96 చిన్న ప్లాస్టిక్ పళ్లు ఉంటాయి, ఒక్కోటి పావుగంట. ఎక్కువ మోడళ్లలో కిందికి నొక్కిన పన్ను దగ్గర ఆన్, పైకున్న పన్ను దగ్గర ఆఫ్. డయల్‌ని ఇప్పుడున్న టైముకి బాణం గుర్తు ఎదురుగా వచ్చేలా తిప్పాలి, ఒకవైపే తిరుగుద్ది, వెనక్కి బలవంతం చేస్తే లోపల గేర్లు విరుగుతాయి. పక్కన చిన్న స్విచ్చు ఉంటుంది చూడండి, ఒకవైపు గడియారం బొమ్మ, ఇంకోవైపు నిలువు గీత, అది గీత వైపు ఉంటే పళ్లు ఎలా నొక్కినా లైటు 24 గంటలూ వెలుగుతూనే ఉంటుంది. టైమర్ పాడైందని తిరిగి పంపించేవాళ్లలో చాలామంది ఆ స్విచ్చు చూస్కోరు.

దీనికున్న పెద్ద లోపం ఒకటే, ఇది తిరిగేది కరెంటుతో, కాబట్టి కరెంటు పోతే గడియారం అక్కడే ఆగిపోద్ది. వారంలో మొత్తం రెండు గంటలు కరెంటు పోయిందంటే సాయంత్రం 5కి రావాల్సిన లైటు 7కి వస్తుంది. మీ తొట్టిలో మొక్కలు లేవు కాబట్టి దీనివల్ల కొంపేమీ మునగదు, ఆదివారం ఆదివారం ఒకసారి డయల్ సరిచేస్కోండి. ఆ ఓపిక లేదంటే లోపల చిన్న బ్యాటరీ ఉండే డిజిటల్ టైమర్ తీస్కోండి, కరెంటు పోయినా దాని గడియారం నడుస్తుంది. లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు, అంతకి మించితే అద్దాలకి నాచు పట్టడం తప్ప లాభం లేదు.

ప్రశ్న: అన్నా, నేను వరంగల్‌ల బీటెక్ చదువుతున్న. మొక్కల తొట్టి పెట్టిన, మొక్కల కోసం సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గ్యాసు సిలిండర్ ఉంది, దానికి సోలెనాయిడ్ వాల్వు కూడ ఉంది. లైటుకొకటి గ్యాసుకొకటి స్మార్ట్ ప్లగ్గులు తీస్కొని షెడ్యూల్ పెట్టిన. మొన్న రాత్రి కరెంటు పోయి రెండు గంటలకి వచ్చిందట, పొద్దున లేచి చూస్తే లైటు వెలుగుతనే ఉంది, చేపలన్ని పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయ్. ప్లగ్గులు ఖరాబైనయా? మంచి కంపెనీవి ఏం తీస్కోవాలె?
(ఒక విద్యార్థి, వరంగల్)

జవాబు: తమ్ముడూ, ప్లగ్గులు బాగానే ఉన్నాయి, కొత్తవి కొనకు. నీకు జరిగింది చాలామందికి జరుగుతుంది, చేపలు బతికి బయటపడ్డాయి కాబట్టి నీది అదృష్టమే.

స్మార్ట్ ప్లగ్గుకి కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు అది ఏ స్థితిలోకి రావాలి అని యాప్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది. ఒక్కో యాప్‌లో ఒక్కో పేరు, పవర్ ఆన్ స్టేట్ అనో, రీస్టార్ట్ స్టేటస్ అనో, రిలే స్టేటస్ అనో ఉంటుంది, వెతుకు. అందులో మూడు దారులు ఉంటాయి, ఆన్, ఆఫ్, ఇంతకుముందు ఎలా ఉంటే అలా. నీ రెండు ప్లగ్గులకీ ఆ సెట్టింగ్ ఆన్ అని ఉండి ఉంటుంది, లేదా లైటూ గ్యాసూ నడుస్తుండగా సాయంత్రమే కరెంటు పోయి ఉంటే ఇంతకుముందులాగే అని రెండూ మళ్లీ ఆన్ అయ్యుంటాయి. ఆపాల్సిన టైము కరెంటు లేనప్పుడు దాటిపోయింది, దాన్ని గుర్తుపెట్టుకుని ఆలస్యంగానైనా ఆపే తెలివి చాలా ప్లగ్గులకి లేదు. దాంతో రాత్రి రెండు గంటల నుంచి పొద్దుటిదాకా, మామూలుగా ఆగిపోవాల్సిన వేళలో, గ్యాసు నీళ్లలోకి పోతూనే ఉంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయంటే కారణం అదే.

గ్యాసు ప్లగ్గుకి ఆఫ్ పెట్టు, ఇప్పుడే, ఇది చదువుతూనే పెట్టు. సోలెనాయిడ్ అనేది కరెంటు లేకపోతే మూసుకునే వాల్వు, అందుకే కరెంటు పోతే గ్యాసుకి ఏ ప్రమాదమూ లేదు, ప్రమాదమంతా ఆన్‌లో ఉండిపోతేనే. ఒకరోజు గ్యాసు అందకపోతే మొక్కలకి ఏమీ కాదు, ఒక రాత్రి ఎక్కువైతే మాత్రం పొద్దుటికి తొట్టి ఖాళీ. లైటుకి కూడా ఆఫే పెట్టు. ఇంకొకటి, ఆపే కమాండ్ రెండుసార్లు పెట్టు, సాయంత్రం 6కి ఒకటి, 6.15కి ఇంకొకటి, మొదటిది ఏ కారణం చేతైనా తప్పితే రెండోది పట్టుకుంటుంది. ఇది నేను నా తొట్టికి ఏళ్లుగా చేస్తున్న పని.

గ్యాసు లైటు కంటే గంట ముందు మొదలై, లైటు ఆగేదానికి గంట ముందే ఆగాలి. లైటు మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 7 దాకా అయితే గ్యాసు 12 నుంచి 6. పొద్దున లైటు వేసి కాలేజీకి పోతే చూసేదెవరు, అందుకే నువ్వు ఇంట్లో ఉండే వేళకి జరుపుకో, మొక్కలకి ఏ టైమైనా ఒకటే, రోజూ అదే టైము అయితే చాలు. రాత్రి లైటు ఆగాక మొక్కలు కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటాయి కాబట్టి అప్పటినుంచి పొద్దుటిదాకా ఎయిర్ పంపు వేస్తే చేపలకి హాయిగా ఉంటుంది. ఎయిర్ పంపుకి షెడ్యూల్ పెట్టడానికి నేను ఒప్పుకునేది ఇలాంటి మొక్కల తొట్టిలోనే, దాని ప్లగ్గుకి మాత్రం కరెంటు వచ్చినప్పుడు ఆన్ అనే ఉండాలి.

ఇప్పుడు వైఫై. చాలా ప్లగ్గులకి సొంత గడియారం ఉండదు, కరెంటు వచ్చిన ప్రతిసారీ ఇంటర్నెట్‌ని అడిగి టైము తెలుసుకుంటాయి. నువ్వు కొన్నవి ఎలాంటివో తెలియాలంటే రెండు పరీక్షలు చెయ్యి. మొదటిది, రౌటర్ ఆపేసి షెడ్యూల్ టైము వచ్చేదాకా ఆగి చూడు, లైటు వెలిగితే షెడ్యూల్ ప్లగ్గులోనే దాచుకుంటోందని అర్థం, మంచి ప్లగ్గు. వెలగలేదంటే కమాండ్ ప్రతిసారీ ఎక్కడో సర్వర్ నుంచి వస్తోంది. రెండోది, రౌటర్ ఆపి ఉంచే ప్లగ్గుకి కూడా కరెంటు తీసి 5 నిమిషాలాగి ఇవ్వు, ఈసారి చాలావాటికి టైమే తెలీదు, కదలవు. మన ఇళ్లల్లో కరెంటు పోతే రౌటర్ కూడా పోద్ది కాబట్టి ఈ రెండో పరీక్షే అసలైనది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే రౌటర్‌ని దానిమీదికి మార్చు, లేకపోతే రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. ఈ ప్లగ్గులు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి, రౌటర్‌లో 5 ఒక్కటే ఆన్ చేసి పెడితే ఎంత ఖరీదు ప్లగ్గయినా కనెక్ట్ అవ్వదు.

ప్రశ్న: మేత వేసేటప్పుడు ఫిల్టర్ ఆపితే మేత కొట్టుకుపోకుండా ఉంటుందని ఫిల్టర్‌కి స్మార్ట్ ప్లగ్ పెడదామనుకుంటున్నా. ఫోన్‌లో ఒక నొక్కు నొక్కితే ఆగేలా. మీరేమంటారు?
(ఒక ఉద్యోగి, నెల్లూరు)

జవాబు: వద్దంటాను. ఎందుకో నాకు జరిగింది చెప్తా. నేనూ సరిగ్గా ఇదే చేశాను, పొద్దున మేత వేసి ఫోన్‌లో ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ వేద్దామనుకుని, ఇంతలో ఊరినుంచి ఫోనొస్తే మా అమ్మకి బాలేదని అలాగే బయల్దేరిపోయాను. దారిలో గుర్తొచ్చి యాప్ తెరిస్తే ప్లగ్గు ఆఫ్‌లైన్ అని చూపిస్తోంది, ఇంట్లో ఇంటర్నెట్ ఆరోజే పోయింది. మూడో రోజు తిరిగొచ్చేసరికి రెండు ఏంజెల్ చేపలు అడుగున పడి ఉన్నాయి, మూడేళ్లు పెంచినవి, నా వేలు అద్దం మీద పెడితే దాని వెంటే వచ్చేవి. నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా అయిపోయాయి. ఆ రోజునుంచీ నా ఫిల్టర్ గోడ ప్లగ్గులోనే ఉంది, మధ్యలో ఏదీ లేదు.

అయినా పెట్టాలనే ఉంటే ఒట్టి ఆఫ్ బటన్ నొక్కి వదిలేయకుండా, ఆఫ్ చేసిన 10 నిమిషాలకి తనంతట తనే ఆన్ అయ్యేలా కౌంట్‌డౌన్ పెట్టుకోండి, అది ప్లగ్గులోపలే నడిచేదై ఉండాలి, ఇంటర్నెట్ తీసి ఒకసారి పరీక్ష చేశాకే నమ్మండి. దానికి తోడు ప్రతి అరగంటకీ ఒక ఆన్ కమాండ్ షెడ్యూల్‌లో పెట్టండి, ముందే ఆన్‌లో ఉంటే ఏమీ అవ్వదు, మర్చిపోయి ఉంటే కాపాడుతుంది. నిజానికి మేత కొట్టుకుపోకుండా ఉండాలంటే నీటిమీద తేలే చిన్న ప్లాస్టిక్ రింగ్ ఒకటి చాలు, మేత దాని మధ్యలో వేస్తే అక్కడే ఉంటుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది మూడడుగుల తొట్టి, సుమారు 150 లీటర్లు, ఆస్కార్లు. చలికాలం కోసం 300 వాట్ల హీటర్ కొన్నాను. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నడిచేలా స్మార్ట్ ప్లగ్ షెడ్యూల్ చేద్దామని. 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలా, 6 ది సరిపోతుందా?
(ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: ఆంపియర్ల సంగతి తేలిక, 300ని మన 230 వోల్టులతో భాగిస్తే 1.3 ఆంపియర్లు, 6 ది ఎక్కువే. ఇబ్బంది షెడ్యూల్‌తోనే. హీటర్‌కి గడియారంతో పని లేదండీ, దానికి కావాల్సింది నీటి వేడి ఎంతుందో తెలియడం. చలిరోజు మధ్యాహ్నం కూడా నీళ్లు చల్లబడొచ్చు, వెచ్చటి రాత్రి అవసరమే ఉండకపోవచ్చు, మీ షెడ్యూల్‌కి ఇవేవీ తెలీవు.

హీటర్ల లోపల, వేడి సరిపోగానే ఆపడానికి ఉండే థర్మోస్టాట్ ఒక్కోసారి అతుక్కుపోద్ది, ఆన్‌లోనే. లెక్క చూడండి, 150 లీటర్లకి 300 వాట్లు ఆగకుండా వెళ్తే, బయటికి పోయే వేడిని లెక్కలోకి తీస్కోకపోతే, గంటకి 1.7 డిగ్రీలు పెరుగుద్ది. మీరు 12కి పడుకుని 6కి లేచేలోపు 10 డిగ్రీలు. మీ తొట్టికి 150 వాట్లు చాలు, మన చలికి లీటరుకి ఒక వాటు లెక్క ఎక్కువే గానీ తక్కువ కాదు. కుదిరితే ఆ 300ది మార్చి 75 వాట్లవి రెండు తీస్కోండి, ఒకటి అతుక్కుపోయినా చేపల్ని ఉడికించే శక్తి దానికి ఉండదు, ఒకటి చచ్చిపోయినా రెండోది ఉంటుంది.

స్మార్ట్ ప్లగ్ బదులు టెంపరేచర్ కంట్రోలర్ కొనండి, ఎస్‌టీసీ-1000 అని అడిగితే కోఠి గుజరాతీ గల్లీ లాంటిచోట్ల, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, దానికి వేడికొకటి చలవకొకటి రెండు రిలేలు, అంటే తనంతట తనే పడే స్విచ్చులు ఉంటాయి. వైరింగ్ మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, లేదంటే సాకెట్లు బిగించి వచ్చేవే తీస్కోండి. కంట్రోలర్‌ని 26 దగ్గర పెట్టి, హీటర్ మీదున్న మరని 28 దగ్గర పెట్టండి. మామూలుగా కంట్రోలరే ఆపుతుంది, అది అతుక్కుపోతే 28 దగ్గర హీటర్ తనే ఆగుతుంది, రెండూ ఒకే రాత్రి పాడవడం అరుదు. కంట్రోలర్ వైరు చివర ఉండే నల్లటి ప్రోబ్ నీళ్లలో గట్టిగా ఉండేలా రబ్బరు కప్పుతో అద్దానికి బిగించండి. అది జారి బయట వేలాడితే గది చలిని నీటి చలి అనుకుని హీటర్‌ని నడిపిస్తూనే ఉంటుంది, హీటర్ మర 28 దగ్గర పెట్టమన్నది ఇందుకు కూడా.

నీళ్లు మార్చేటప్పుడు హీటర్ ప్లగ్గు పీకేసి పావుగంట ఆగాకే నీళ్లు తోడండి. వేడిగా ఉండగా గాజు గాలికి తగిలి, మళ్లీ చల్లటి నీళ్లు పడితే ఫట్‌మని పగులుద్ది.

ప్రశ్న: ఎండాకాలం తొట్టి మీద చిన్న ఫ్యాను పెట్టి దానికి టైమర్ పెడితే సరిపోతుందా?
(ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: ఫ్యాను మంచి ఆలోచన, నీటి పైభాగం మీద గాలి ఆడితే నీళ్లు ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. గోదావరి గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో అంత తగ్గకపోవచ్చు. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ నిలవదమ్మా, 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన పట్టే నీళ్లు 32 దగ్గర 7కి కొంచెం పైన మాత్రమే పడతాయి, అందుకే ఎండాకాలం ఎయిర్ పంపు అస్సలు ఆపకూడదు. ఫ్యానుకి టైమర్ అంటే పొద్దున 11 నుంచి రాత్రి 9 అని పెట్టొచ్చు, తప్పులేదు, ఎక్కువసేపు తిరిగినా నష్టం లేని వస్తువే. పైన చెప్పిన కంట్రోలర్‌లో చలవ వైపు తగిలిస్తే ఇంకా మంచిది. ఆవిరైన నీళ్లు రోజూ కలుపుతుండాలి, నీటిమట్టం తగ్గి హీటరో ఫిల్టరో బయటపడకుండా చూస్కోండి.

ప్రశ్న: మా బావమరిది అమెరికా నుంచి వస్తూ నాలుగు స్మార్ట్ ప్లగ్గులు తెచ్చాడు. ట్రావెల్ అడాప్టర్ పెట్టి అక్వేరియంకి వాడుకోవచ్చా?
(ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: వెనక లేబుల్ చదవండి. 120 వోల్టులు అనో 100-125 అనో ఉంటే మన 230కి పెట్టొద్దు, పెట్టిన క్షణమే లోపల కాలిపోవచ్చు. 100-240 అని ఉంటే వోల్టేజీ తట్టుకుంటుంది గానీ ట్రావెల్ అడాప్టర్లు వదులుగా పట్టుకుంటాయి, చాలావాటికి ఎర్త్ ఉండదు. నీళ్ల పక్కన ఎర్త్ లేనిది నేను ఒప్పుకోను. బావమరిది ప్రేమగా తెచ్చినవే, ఆయన తిరిగి వెళ్లేటప్పుడు ఇచ్చి పంపండి, అక్కడ పనికొస్తాయి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటామండీ. సంక్రాంతికి నాలుగు వారాలు ఇండియా వస్తున్నాం. ఇంట్లో 55 గ్యాలన్ల తొట్టి ఉంది. అన్నీ ఆటోమేటిక్ చేసి ఫోన్‌లో చూస్కుంటే చాలా? గంటల మార్పుకి టైమర్లు ఏం చేయాలి?
(ఒక కుటుంబం, డాలస్)

జవాబు: చాలదండీ. లైటుకి స్మార్ట్ ప్లగ్ పెట్టండి, మార్చిలోనూ నవంబర్‌లోనూ గంట మారినప్పుడు అది తనే సర్దుకుంటుంది, డయల్ టైమర్ అయితే మీరు తిప్పాలి. కరెంటు ఖర్చు చూపించే ప్లగ్గు అయితే లైటు నిజంగా వెలిగిందా లేదా అన్నది వాట్లు చూసి ఇక్కడినుంచే తెలుస్తుంది. ఫిల్టర్ విషయంలో మాత్రం ఆ వాట్లని నమ్మొద్దు, లోపల చక్రం ఇరుక్కుపోయి నీళ్లు పారకపోయినా మోటారు కరెంటు లాగుతూనే ఉంటుంది.

మీ దగ్గర వంటింట్లో, బాత్రూంలో నీళ్ల పక్క సాకెట్లకి జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) ఉంటుంది, తొట్టి సాకెట్‌కి కూడా ఉండాలి. కానీ అది ఒకసారి పడిపోతే మనిషి వచ్చి బటన్ నొక్కేదాకా మళ్లీ రాదు. అన్నీ ఒకే జీఎఫ్‌సీఐ మీద ఉంటే హీటర్‌లో చిన్న లీకు వచ్చినా ఫిల్టర్ కూడా ఆగిపోద్ది, అందుకే హీటరూ ఫిల్టరూ వేర్వేరు జీఎఫ్‌సీఐల మీద పెట్టండి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫానుకి రోజుల తరబడి కరెంటు పోయింది మీకు తెలుసు, అలాంటప్పుడు ఏ యాప్ ఏం చేస్తుంది? తాళం ఇచ్చి వెళ్లగలిగిన మనిషి ఒకరు కావాలి. వారానికి రెండుసార్లు ఐదు నిమిషాలు వచ్చి నీళ్లు పారుతున్నాయా, థర్మామీటర్ ఎంతుంది అని చూసి ఒక ఫొటో పంపితే చాలు. మేత యంత్రం బ్యాటరీది తీస్కుని బయల్దేరడానికి రెండు వారాల ముందే పెట్టి, ఎంత పడుతుందో మీ కళ్లతో చూడండి. తక్కువ పడేలా పెట్టండి, పెద్ద చేపలు వారం పస్తున్నా తట్టుకుంటాయి, ఎక్కువ పడిన మేత కుళ్లితే తట్టుకోలేవు.

ప్రశ్న: మా తొట్టి వెనక ఎక్స్‌టెన్షన్ బోర్డులో డయల్ టైమర్, రెండు ప్లగ్గులు ఉన్నాయి. ఈమధ్య ముట్టుకుంటే వేడిగా ఉంటోంది, నిన్న ఏదో కాలుతున్న వాసన కూడా వచ్చింది. ఇంకా పెద్ద టైమర్ కొనాలా? తుఫాన్లప్పుడు ఏం చేయాలో కూడా చెప్పండి.
(ఒక రిటైర్డ్ టీచర్, విశాఖపట్నం)

జవాబు: మాస్టారూ, ఇది చదివిన వెంటనే మెయిన్ ఆపి ఆ టైమర్ పీకి, దాని పిన్నులు చూడండి. ఇత్తడి పిన్ను పసుప్పచ్చగా మెరవాలి. ఒక పిన్ను నల్లబడి, దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ టీ మరకలాగా గోధుమరంగుకి తిరిగి, వేలితో రాస్తే మసి అంటుకుంటే, బోర్డు సాకెట్ వదులైపోయిందని అర్థం. లోడు చిన్నదే, లైటూ ఎయిర్ పంపూ కలిపినా 50 వాట్లు దాటదు, కానీ వదులుగా ఉన్నచోట సన్నటి నిప్పురవ్వలు పడుతూ కొంచెం కొంచెంగా కాలుస్తాయి. టైమర్ బరువుకి అది సాకెట్ లోంచి కిందికి వాలుతూ ఉండటం కూడా ఒక కారణం. పెద్ద టైమర్ కొంటే ఇంకా బరువు, ఇంకా వదులు. బోర్డూ టైమర్ రెండూ పారేయండి, బాగు చేయించొద్దు. సముద్రపు గాలికి మీ ఊళ్లో పిన్నులు చిలుం పట్టడం ఎక్కువ, అందుకే ఆర్నెల్లకోసారి ఇలా పీకి చూస్తుండండి.

కొత్తది కొనేటప్పుడు టైమర్ మీద అంకెలు చదవండి. 16 అని రాసి పక్కనే బ్రాకెట్లో 2 అని ఉంటే, హీటర్ లాంటి లోడుకి 16 ఆంపియర్లు, మోటార్ల లాంటి లోడుకి 2 మాత్రమే అని అర్థం. ఆన్ అయిన క్షణంలో మోటార్లూ ఎల్ఈడీ లైట్ల డ్రైవర్లూ ఒక్కసారిగా లాగే కరెంటు ఎక్కువ, దానికే చవకరకం రిలేలు అతుక్కుపోతాయి.

బోర్డుని తొట్టి కింద నేలమీద పెట్టొద్దు, పక్క గోడకి ఎత్తుగా బిగించండి. తొట్టినుంచి వచ్చే ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి ఒక ఉయ్యాలలాగా వేలాడి, మళ్లీ పైకి వెళ్లి ప్లగ్గులో దూరాలి. వైరు వెంట జారే నీటిచుక్క ఆ వంపు దగ్గర నేలమీద పడుద్ది, ప్లగ్గులోకి పోదు. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి, ఎంసీబీ ఉంది కదా అంటారు కొందరు, ఎంసీబీ వైర్లని కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. తొట్టిలో చేయి పెట్టేముందు ఫోన్‌లో ఆఫ్ చేశాం కదా అనుకోవద్దు, స్మార్ట్ ప్లగ్ ఒక వైరునే తెంపుతుంది, గోడ వైరింగ్‌లో ఫేజు న్యూట్రల్ తారుమారై ఉంటే ఆఫ్‌లో కూడా నీళ్లలో ఉన్న హీటర్ దాకా కరెంటు ఉంటుంది. ప్లగ్గులు చేత్తో పీకాకే చేయి పెట్టండి.

తుఫాను సంగతి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మీ ఊరికి కరెంటు ఎన్నాళ్లకి వచ్చిందో నాకంటే మీకే బాగా తెలుసు. అలాంటప్పుడు పనికొచ్చేది బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు, కరెంటు ఉన్నంతసేపూ ఛార్జ్ అవుతూ పోగానే తనే మొదలయ్యేది తీస్కోండి. దానికి ఒక స్పాంజ్ ఫిల్టర్ కలిపి ఇప్పటినుంచే తొట్టిలో ఉంచండి, బాక్టీరియా దానికీ పడుతుంది, పెద్ద ఫిల్టర్ ఆగినా ఇది పనిచేస్తుంది. గాలి గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వు పెట్టండి, లేకపోతే పంపు ఆగినప్పుడు తొట్టి నీళ్లు గొట్టం వెంట వెనక్కి వచ్చేస్తాయి. ఇన్వర్టర్ మీద ఫిల్టర్ నడపాలంటే సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే మంచిది, స్క్వేర్ వేవ్ దానిమీద మోటారు గుర్రుమని మోగుతుంది, వేడెక్కుతుంది. కరెంటు లేనన్నాళ్లూ మేత వేయొద్దు. ముందు ఆ టైమర్ పీకండి మాస్టారూ, మిగతావి రేపైనా చేస్కోవచ్చు.